వాన నీటికి కాలువలు పెద్దవి చేద్దామా, పూడ్చిన కుంటల్ని తవ్వుకుందామా?

నీటిచుక్క:
గంటసేపు గట్టి వాన పడితే వీధులు మునుగుతున్నాయి. కాంక్రీటు కాలువలు వెడల్పు చేయాలని కొందరు, పూడ్చేసిన కుంటలు, చిత్తడి నేలలు, వాగుల పాత వంపులు తిరిగి తెస్తే చాలని ఇంకొందరు. డబ్బు ఒక్కదానికే ఉంటే మీరు దేనికి పెడతారు?

లెక్కలమాస్టారు:
కాలువకే. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. 2021 జులై 20న చైనాలోని ఝెంగ్‌ఝౌలో ఒక్క గంటలో 201.9 మి.మీ. కురిసింది. అంటే చదరపు మీటరుకి 200 లీటర్ల పైమాటే. ‘స్పాంజ్ సిటీ’ అంటూ, అంటే వాన నీటిని నేలే స్పాంజిలా పీల్చుకునేలా పచ్చిక, కుంటలు పెంచే పనులు చేసిన నగరమే అది. అయినా మెట్రో సొరంగంలోకి నీళ్లొచ్చి రైల్లో ఉన్నవాళ్లు చనిపోయారు. ఏ పచ్చిక ఆపింది?

వాగుగట్టు:
మాస్టారూ, ఆ వానను ఏ కాలువ మాత్రం మోస్తుంది? ఏడాదిలో పడేవి ఎక్కువగా చిన్న వానలే. రోడ్డు మీది నూనె, టైర్ల పొడి, చెత్త అన్నీ కడుక్కుపోయి నదిలో కలిపేది ఆ నీళ్లే. అందులోనూ మొదట పారే నీళ్లు మరీ మురికి. వాటిని మట్టి, మొక్కల వేళ్లు పట్టుకుంటాయి. కాంక్రీటు పట్టుకోదు.

ఇంకోమాట. కాలువ నీటిని మాయం చేయదు, దిగువవాళ్ల గుమ్మంలోకి తొందరగా చేరుస్తుంది, అంతే. సింగపూర్ బిషాన్ పార్కులో 2.7 కి.మీ. తిన్నటి కాంక్రీటు కాలువను తీసేసి 3.2 కి.మీ. వంపుల నదిగా మార్చారు. 2012లో పని పూర్తయింది. గట్టి వానకి నది ఒడ్డు దాటి పచ్చిక మీదికి పరుచుకుంటుంది. అది మునగడానికే ఉన్న జాగా.

చెయ్యికాలినవాడు:
రెయిన్ గార్డెన్, అంటే రోడ్డు మీది వాన నీళ్లు ఇంకడానికి మొక్కలు నాటే గుంత, వేయించి దెబ్బతిన్నాను కాబట్టి చెబుతున్నా. గుంత తవ్విన యంత్రాన్ని అదే గుంతలో అటూ ఇటూ నడిపారు. అడుగు మట్టి అణిగి పెంకులా అయింది. మొదటి వానకి నాలుగు రోజులు నీళ్లు నిలిచాయి. పక్కింటివాళ్లు దోమల గురించి గొడవ. చివరికి అడుగంతా గడ్డపారతో గుల్ల చేసి, ఇసుక, కంపోస్టు కలిపితే ఒక్క రోజులో ఇంకడం మొదలైంది.

అప్పుడు ఇంకో తమాషా. నీళ్లు లోపలికి రావడానికి రోడ్డు అంచున వదిలిన సందుకి అరచేతంత ఆకుల ముద్ద అడ్డం పడింది. గుంత పొడిగా ఉంది, రోడ్డు చెరువైంది. ఆ ముద్ద తీసేవాడు లేకపోతే ఈ ప్రకృతి కబుర్లన్నీ దండగే.

పచ్చగడ్డి:
దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా సుమారు వారం కావాలి. రెండు రోజుల్లో ఇంకిపోయే గుంతలో దోమ పెరగదు. అసలు భయం మూతేసిన మురుగు కాలువల్లో నిలిచే నీళ్లది. అదెవరికీ కనబడదు కాబట్టి గొడవ ఉండదు.

లెక్కలమాస్టారు:
మురికి సంగతి ఒప్పుకుంటా. కానీ రెండు రోజులు ముసురు పట్టి నేల నానిపోయాక మూడో రోజు కురిసేది ఎక్కడికి పోవాలి? బంకమట్టి నేలైతే మొదటి రోజే చేతులెత్తేస్తుంది. వాగుకి వంపులు కావాలంటే జాగా కావాలి, ఆ జాగాలో ఇప్పుడు ఇళ్లున్నాయి. ఎవరిని లేపుతారు?

వాగుగట్టు:
అందుకే ఎగువన మొదలుపెట్టాలి, ఇళ్లు లేనిచోట. కుంట పని నీళ్లన్నీ ఇంకించడం కాదు, కొన్ని గంటలు ఆపి మెల్లగా వదలడం. పది వీధుల నీళ్లు ఒకేసారి దిగకపోతే మీ కాలువే సరిపోవచ్చు. 2011 జులై 2న కోపెన్‌హాగెన్ మునిగింది. మరుసటి ఏడాది వాళ్లు వేసుకున్న ప్రణాళికలో నీళ్లు నిలిచే పార్కులూ ఉన్నాయి, భూమి కింద సొరంగాలూ ఉన్నాయి.

నీటిచుక్క:
ఒక్కదానికే అన్న నా ప్రశ్నే తప్పేమో. మా వీధికి ఎగువన కుంటను పూడ్చి పార్కింగ్ చేశారు, ఇళ్లు లేవు. కాలువ అక్కణ్నుంచే మొదలవుతుంది.

లెక్కలమాస్టారు:
అయితే ముందు అక్కడ మోకాలి లోతు గొయ్యి తవ్వి నీళ్లు నింపండి. అది ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి ఎన్ని గంటలు పట్టిందో ఇక్కడ రాయండి. కాలువ కొలతలు అప్పుడు మాట్లాడదాం.