బీడీ మానమని ఓపీలో ఎలా చెప్పాలి?

ప్రశ్న (స్టాఫ్ నర్సు, దేవరకొండ వైపు):
మా పీహెచ్‌సీకి బీపీ మందులకు వచ్చే ఒక పెద్దాయన పొద్దున లేవగానే బీడీ ముట్టిస్తాడు. చాయ్ తాగాక ఇంకోటి. "మానెయ్ తాతా" అంటే నవ్వి, చీటీ తీసుకుని వెళ్లిపోతాడు. ఆయన దగ్గు వింటుంటే నాకు భయమేస్తుంది. వెనక లైను ఉంటుంది, రెండు నిమిషాల్లో ఏం చెప్పాలి?

జవాబు (కౌన్సెలర్, నల్లగొండ):
చెల్లీ, ముందు "మానాలని ఉందా తాతా?" అని అడుగు. ఉందంటే అక్కడికక్కడే తేదీ పెట్టించి చీటీ మీద రాయి. మొదటి వారం చిరాకు ఎక్కువ, నిద్ర పట్టదు. అప్పుడే ఫోన్ చేసి పలకరించు. నేను చూసినంతలో ఆ ఫోనే మనిషిని నిలబెడుతుంది. పొగాకు మానాలనుకునేవాళ్లకు ఫోన్‌లో సలహా ఇచ్చే క్విట్‌లైన్ 1800-11-2356 ఉచితం, ఆ నంబరు కూడా రాసివ్వు.

జవాబు (మెడికల్ షాపు, మహబూబ్‌నగర్):
డాక్టరు నికోటిన్ గమ్ (బీడీ యావ తగ్గించే చూయింగ్ గమ్) రాస్తే, వాడే తీరు దగ్గరుండి చూపించండి అక్కా. చాలామంది గబగబా నమిలేస్తారు. వెక్కిళ్లు, కడుపులో మంట వచ్చి ఇక ముట్టరు. మెల్లగా నమిలి, ఘాటు తగలగానే బుగ్గన పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి, అరగంట దాకా. చాయ్ తాగిన పావుగంట వరకు వద్దు. కట్టుడు పళ్లుంటే చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ గురించి డాక్టరును అడగండి.

జవాబు (ఆశా కార్యకర్త, అచ్చంపేట):
బీడీ మాని తంబాకు నమలడం మొదలుపెడతారు మేడం, అదీ అడగండి. నోట్లో టార్చి వేసి తెల్లమచ్చలు, మానని పుండ్లు ఉన్నాయేమో చూడండి.