మూజువాణి ఓటు: ఇందులో 'వాణి' ఎవరిది?

ప్రశ్న:
మా ఎంపీ గారు పిల్లల కోసం లోక్‌సభలో ఏం చేశారో చెప్పే చిన్న కరపత్రం ఒకటి రాస్తున్నాం. ఒక బిల్లు దగ్గర "దీనికి అనుకూలంగా ఓటు వేశారు" అని రాశాను. పాత పత్రిక తీసి చూస్తే "మూజువాణి ఓటుతో ఆమోదం" అని ఉంది. వాణి అంటే తెలుసు కానీ ఈ 'మూజు' ఏమిటి? 'మూగ'కూ దీనికీ చుట్టరికం ఏమైనా ఉందా? దీని బదులు తేలిక మాట ఏదైనా పెట్టవచ్చా?

జవాబు:
మూగ కాదండి, దానికి సరిగ్గా ఎదురు. హిందుస్తానీలో 'ముహ్' అంటే నోరు, 'జబాన్' అంటే నాలుక. 'ముహ్ జబానీ' అంటే కాగితం మీద లేకుండా నోటితో చెప్పినది. అదే మన దగ్గర మూజుబానీ, మూజువాణి అయింది. ఓటు కంటే ముందే కచేరీ భాషలో, అంటే కోర్టులు, సర్కారు కార్యాలయాల భాషలో ఉన్న మాట ఇది. దస్తావేజు లేకుండా నోటితో చెప్పే సాక్ష్యాన్ని మూజువాణి సాక్ష్యం అనేవారు. 'జబానీ' చివర మన చెవికి 'వాణి' వినిపించింది. సరస్వతి పేరు కనిపించాక ఆ మాట పుట్టుక గురించి ఇక ఎవరు అడుగుతారు?

తేలిక మాటే కావాలంటే 'నోటి ఓటు' అనవచ్చు. పత్రికలవాళ్లు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

మరో జవాబు:
మాట సంగతి తేలింది కాబట్టి మీ వాక్యం సంగతి చెబుతాను. అది నిలవదు. మూజువాణి ఓటులో సభాపతి అడుగుతారు, అవునన్నవారు అవునంటారు, కాదన్నవారు కాదంటారు. ఏ గొంతు ఎక్కువగా వినిపించిందో ఆయనే తేల్చి చెబుతారు. ఎవరి పేరూ ఎక్కడా నమోదు కాదు. ఆ నిర్ణయం ఒప్పుకోకుండా ఎవరైనా విభజన, అంటే ఓట్లు లెక్కపెట్టడం కోరి, అది జరిగితే తప్ప ఏ సభ్యుడు ఎటు ఓటు వేశారో కాగితం మీదికి రాదు. మీ ఎంపీ గారు ఆ రోజు గట్టిగా అవునన్నారో, ఫోను చూసుకుంటున్నారో, అసలు సభలోనే లేరో మీరు చెప్పలేరు. నేనూ చెప్పలేను.

రాజ్యాంగ సవరణల లెక్క వేరు. అక్కడ సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు కావాలి కాబట్టి తలలు లెక్కపెట్టక తప్పదు. చదువును ప్రాథమిక హక్కు చేసిన 2002 నాటి 86వ సవరణ అలాంటిది. ఆ హక్కును అమలు చేయడానికి 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం మామూలు బిల్లు. దానికి మూజువాణి చాలు.

ఓటు నమోదైనా అందులో ఆయన మనసు ఎంతో చెప్పడం కష్టం. 1985లో పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక విప్‌ను, అంటే ఇలా ఓటు వేయండని పార్టీ ఇచ్చే ఆదేశాన్ని ధిక్కరించి ఓటు వేసిన సభ్యుడిని పార్టీ 15 రోజుల్లో క్షమించకపోతే పదవికే ముప్పు.

అడిగినవారు:
మరి "బాలకార్మిక చట్ట సవరణ తెచ్చారు" అని ఇంకో వాక్యం రాశాను. అదైనా ఉంచవచ్చా?

అదే జవాబుదారు:
ఎవరు తెచ్చారు? 'తెచ్చారు' అనే క్రియ మన రాజకీయ భాషలో అందరికీ సరిపోయే చొక్కా. మంత్రి ప్రవేశపెట్టినా, సభ్యుడు చర్చలో రెండు నిమిషాలు మాట్లాడినా, పార్టీ మొత్తం చెయ్యెత్తినా, అందరూ 'తెచ్చారు'. సర్కారు బిల్లును ప్రవేశపెట్టేది మంత్రి. మంత్రి కాని సభ్యుడు తెచ్చేది ప్రైవేటు సభ్యుల బిల్లు. స్వాతంత్ర్యం వచ్చాక అలాంటివి 14 మాత్రమే చట్టాలయ్యాయి, చివరిది 1970లో. కాబట్టి ఈ రోజుల్లో మామూలు సభ్యుడెవరైనా చట్టం తెచ్చారని చదివితే నేను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదువుతాను.

ఇక 2016 నాటి ఆ బాలకార్మిక చట్ట సవరణలో ఏముందో కూడా చూడండి. 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదంది, అంతవరకు బాగుంది. బడి అయ్యాక, సెలవుల్లో కుటుంబ వృత్తిలో సాయం చేయవచ్చని సందు వదిలింది. 14 దాటి 18 నిండనివారికి నిషేధించిన ప్రమాదకర పనుల జాబితాను బాగా కుదించింది. దీన్ని సమర్థించడం పిల్లల పక్షమా, కాదా? నా లెక్కలో సగం సగం. కరపత్రంలో ఆ సందు గురించి ఒక్క మాటైనా ఉండాలి.

వేరొకరు:
నిజంగా 'తెచ్చిన' మనిషి ఒకాయన ఉన్నారు. బాల్యవివాహాలను అడ్డుకోవడానికి వచ్చిన శారదా చట్టం పేరు విని, ఎవరో శారదమ్మ గారు పోరాడి సాధించారని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. తీరా చూస్తే అది హర్‌బిలాస్ సార్దా అనే ఆయన ఇంటిపేరు. బ్రిటిష్ కాలపు కేంద్ర శాసనసభలో సభ్యుడు, మంత్రి కాదు. 1927లో బిల్లు పెట్టారు, 1929లో చట్టమైంది. పెళ్లికి ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండాలన్నారు. అయితే నిబంధన మీరి చేసిన పెళ్లి మాత్రం చెల్లేది, శిక్ష మాత్రమే పడేది. సార్దా గారి 'స'ను 'శ' చేసి, ద వత్తును విడదీసి, తెలుగువాళ్లం ఆయనను ఆడపడుచును చేసుకున్నాం.

అడిగినవారు:
అయితే మా ఎంపీ గారి గురించి రాయడానికి ఏమీ మిగలలేదా?

జవాబు:
ఎందుకు మిగలదు? ఆయన పేరుతో నమోదయ్యేవి వెతకండి. బిల్లుకు ప్రతిపాదించిన సవరణలు, చర్చలో ప్రసంగం, బిల్లులను పరిశీలించే సభ్యుల బృందమైన స్థాయీ సంఘం నివేదిక చివర ఇచ్చిన అసమ్మతి పత్రం, అడిగిన ప్రశ్నలు. ప్రశ్నల్లోనూ నక్షత్రం గుర్తు ఉన్నవి, లేనివి వేరు చేయండి. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు వస్తుంది, అంతే. గుర్తు ఉన్నదానికి వంతు వస్తే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, వెంటనే అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. ఓటు మూజువాణి అయితే మనిషి దొరకడు, జవాబు మూజువాణి అయితే మంత్రి దొరుకుతారు!

'పిల్లలు' అన్నప్పుడు వయసు కూడా రాయండి. విద్యాహక్కు చట్టానికి 6 నుంచి 14, పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టానికి 18 లోపు.

అడిగినవారు:
మార్చాను, చూడండి: "ఈ బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. ఆ రోజు ఎవరి ఓటూ నమోదు కాలేదు. చర్చలో మా సభ్యుడు మాట్లాడలేదు." ఇంకొక సందేహం. 2021లో వచ్చిన బాల్యవివాహ నిషేధ సవరణ బిల్లు, ఆడపిల్లల పెళ్లి వయసు 21కి పెంచాలన్నది, 2024లో లోక్‌సభ రద్దవడంతో పోయింది కదా. దాన్ని పత్రికలు 'మురిగిపోయింది' అని రాస్తున్నాయి. అది సరైన మాటేనా?

జవాబు:
నిక్షేపంలా సరైనది. వాడకుండా వదిలేసిన నిధులకూ అదే వాడతాం. 'వీగిపోయింది' అని మాత్రం రాయకండి, అది ఓటింగులో ఓడినదానికి. దీనికి ఓటింగే జరగలేదు.