సంస్కృతీకరణకి మా నాయనమ్మ ఊరి ఉదాహరణ రాస్తే పదికి రెండా?

మూడో బెంచి
బీఏ మొదటి ఏడాది, సోషియాలజీ, తెలుగు మీడియం. ఇంటర్నల్స్‌లో పది మార్కుల ప్రశ్న: "సంస్కృతీకరణను ఉదాహరణతో వివరించండి." కింది కులాలు పై కులాల ఆచారాలు పట్టి పైకి వెళ్లాలని చూడడమే సంస్కృతీకరణ అని నిర్వచనం రెండు లైన్లు రాసి, ఉదాహరణకి మా నాయనమ్మ వాళ్ల ఊరు రాశాను. కోనసీమలో చిన్న పల్లె. మా కులంలో పూర్వం మారుమనువు ఉండేదట, పెళ్లి భోజనంలో మాంసం ఉండేదట. 1960ల మొదట్లో కుల పెద్దలు రామాలయం అరుగు మీద కూర్చుని, ఇకమీదట మనమూ పెద్ద కులాల పద్ధతిలోనే నడవాలని కట్టుబాటు చేశారు. మాంసం పోయింది, మారుమనువు పోయింది, పెళ్లికి పంతులుగారు వచ్చారు, ఇంటింటా సత్యనారాయణ వ్రతం మొదలైంది. ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? ఎర్ర ఇంకుతో "ఇది కథ. పుస్తకంలోని కూర్గు ఉదాహరణ రాయాలి" అని 2 వేశారు. కూర్గు ఎక్కడుందో మా క్లాసులో సగం మందికి తెలీదు. ఇది న్యాయమేనా?

గ్రూప్స్ గుర్రం
కీలో కూర్గు ఉంటే కూర్గే బ్రో. ఈ మాట తెచ్చిన ఎం.ఎన్. శ్రీనివాస్, కూర్గు మీద పుస్తకం, 1952. బిట్ అయిపోయింది.

సమాసాల సారు
అసలు తిరకాసు పేరులోనే ఉంది, మార్కుల్లో కాదు. ముందు లేని గుణం తర్వాత వచ్చిందని చెప్పడానికి సంస్కృతంలో చ్వి ప్రత్యయం వాడతారు. నవం నవీకరణ అవుతుంది, శుచి శుచీకరణ అవుతుంది. చివర అకారం ఉన్నా ఇకారం ఉన్నా వచ్చేది 'ఈ'యే. అంచేత 'సంస్కృత' నుంచి పుట్టినా 'సంస్కృతి' నుంచి పుట్టినా రూపం ఒక్కటే, సంస్కృతీకరణ. పిల్లలు "సంస్కృతి నేర్పుట" అని రాసేది ఇందుకే. అంటే అంతకుముందు ఆ కులాలకి సంస్కృతి లేదనా? 'ద్విజానుకరణ', అంటే జంధ్యం వేసుకునే పై కులాలని అనుకరించడం, అని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

పాత సుద్దముక్క
ఇరవై ఎనిమిదేళ్లు ఇదే పాఠం చెప్పి రిటైరయ్యాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి. కూర్గు ఉదాహరణ ఊరికే పెట్టలేదు. అక్కడి జనాన్ని కొడవలంటారు, వాళ్లలో అమ్మ కొడవలని ఒక శాఖ ఉంది. వాళ్లు మాంసం మాని, జంధ్యం వేసుకుని బ్రాహ్మణ ఆచారాలు పట్టారు. మిగతా కొడవలు పంది మాంసం వదల్లేదు. ఒకే సమాజంలో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి, పిల్లవాడికి తేడా తెలుస్తుంది.

భావన కూడా అక్కడే ఆగిపోలేదు. మొదట్లో నమూనా బ్రాహ్మణులే అన్నట్టు ఉండేది. 1966 నాటికి శ్రీనివాస్ దాన్ని విస్తరించి, ద్విజ కులాలు ఏవైనా నమూనా కావచ్చు, అనుకరించేవాళ్లు కులమే కానక్కర్లేదు, తెగ కూడా కావచ్చు అన్నాడు. ఇక అసలు ముక్క: నిచ్చెన మీద మెట్టు మారుతుంది గాని నిచ్చెన మారదు. దీన్ని స్థాన చలనం అంటాం, నిర్మాణంలో మార్పు అనం. బాబూ, ఇది నీ జవాబులో ఉందా? లేకపోతే అది కథే. ఒక రాత్రిలో అరవై పేపర్లు దిద్దేవాడికి ప్రతి ఇంటి కథా తూచే తీరిక ఉండదు.

మూడో బెంచి
ఆ ముక్క లేదు సార్, ఒప్పుకుంటాను. ఒక్క ముక్కకి ఎనిమిది మార్కులు కోస్తారా?

అద్దెగది
కూర్గు దాకా ఎందుకండీ, హైదరాబాద్ పక్కన మన శామీర్‌పేట లేదా? సామాజిక శాస్త్రవేత్త ఎస్.సి. దూబే ఉస్మానియాలో ఉన్నప్పుడు ఆ ఊరి మీద పుస్తకమే రాశారు, 1955లో అచ్చయింది.

పాత సుద్దముక్క
దూబే రాసింది ఒక ఊరి మొత్తం జీవితం గురించి. ఈ భావన కోసం రాసిన పుస్తకం కాదు. ఊరు దగ్గరైనంత మాత్రాన ఉదాహరణ అతకదు.

గుంటమగ్గం
సార్లందరికి దండం. మాది నేత కులం. మేం మార్కండేయుని వంశం అని చెప్పుకుంటం. జంధ్యాల పున్నమికి కొత్త జంధ్యం ఏసుకుంటం. అదే ఇంట్ల పండుగకు యాట కూర ఒండుకుంటం. మీ భావనల మమ్ముల ఏ డబ్బాల ఏస్తరు? సగం మెట్టు ఎక్కినోళ్లమా? మా తాతను అడిగితె "జంధ్యం మాది, ఒకల దగ్గర తెచ్చుకున్నది కాదు" అంటడు. మీ పుస్తకం మాత్రం మేం ఎవల్నో చూసి ఏసుకున్నం అంటది. ఎవని మాట ఖాయం?

గ్రూప్స్ గుర్రం
1901 సెన్సస్‌లో కమిషనర్ రిస్లీ కులాలకి ర్యాంకులు ఇచ్చాడు. ఇక అర్జీలే అర్జీలు, మేం క్షత్రియులం, మేం వైశ్యులం అని. అచ్చులోకి వచ్చిన చివరి పూర్తి లెక్క 1931ది. అప్పుడు పైమెట్టు కోసం అర్జీ, ఇప్పుడు బీసీ కోసం ధర్నా. బిట్‌గా రాదు, వ్యాసంలో వస్తుంది.

పాత సుద్దముక్క
గుంటమగ్గం గారూ, మంచి ప్రశ్న. కులం తన గురించి చెప్పుకునేది ఒకటి, సామాజిక శాస్త్రం గమనించేది ఒకటి. ప్రతి కులానికీ ఒక పుట్టుపూర్వోత్తరాల పురాణం ఉంటుంది. పైకి వెళ్లాలనుకునే కులం "మేం కొత్తగా చేస్తున్నాం" అనదు, "ఎప్పటినుంచో మాదే, మధ్యలో పోయింది" అంటుంది. శ్రీనివాస్ ఇది కూడా రాశాడు.

గుంటమగ్గం
అంటే మా తాత అబద్ధం చెప్తుండు, మైసూరు అయ్యంగార్ శ్రీనివాస్ నిజం చెప్తుండు. గంతేగా? పైమెట్టు మీద నిలబడి కిందికి చూసెటోనికి అందరు తన దిక్కే ఎక్కుతున్నట్టు కొడ్తది. మా ఊర్లె ఎవడన్న ఎవల్నన్న చూసి మారిండంటె భూమి ఉన్న దొరను చూసి మారిండు, పంతుల్ని చూసి కాదు. పంతులే దొర గడీ ముంగట చేతులు కట్టుకుని నిలబడేటోడు.

పాత సుద్దముక్క
దాన్నే ఆధిపత్య కులం అంటారు. భూమి, జనసంఖ్య, పలుకుబడి ఉన్న కులమే ఊళ్లో నమూనా అవుతుందని 1959లో రాంపుర అనే ఊరి గురించి రాసిన వ్యాసంలో చెప్పింది ఎవరు? మళ్లీ అదే అయ్యంగార్! చదవకుండా మాట్లాడితే ఇలాగే ఉంటుంది. మనిషి కులం చూసి సిద్ధాంతాన్ని తీసిపారేసే పనైతే, ముందు నా కులం కూడా అడగండి.

గుంటమగ్గం
అడగాల్నా? "చదవకుండా" అన్న మాటలనే తెలిసింది.

నిర్వాహకుడు
వ్యక్తిగత వ్యాఖ్యలు ఆపండి. కులాల పేర్లు ఎత్తకుండా చర్చించండి.

గుంటమగ్గం
కులం మీద చర్చల కులం పేరు ఎత్తొద్దంటె, చాపల అంగట్ల చాప పేరు ఎత్తొద్దన్నట్టుంది.

సమాసాల సారు
'ద్విజానుకరణ' మీద ఎవరూ ఒక్క మాట అనలేదు.

కొంగుముడి
రెండు రోజులుగా చూస్తున్నాను. ఒకరు జంధ్యం దగ్గర, ఒకరు ప్రత్యయం దగ్గర, ఒకరు అయ్యంగార్ దగ్గర ఆగిపోయారు. మూడో బెంచీ, నిన్నూ అడుగుతున్నాను. "మాంసం పోయింది, మారుమనువు పోయింది" అని రెండిటినీ ఒకే వాక్యంలో కలిపేశావు. మాంసం అందరికీ పోయింది. మారుమనువు ఎవరికి పోయింది? భార్య పోయిన మగవాళ్లు ఆ కట్టుబాటు తర్వాత మళ్లీ పెళ్లి చేసుకోవడం మానేశారా?

1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ ఒక వ్యాసం చదివారు. శ్రీనివాస్ పుస్తకానికి 36 ఏళ్ల ముందు. పైవాళ్లని చూసి కిందివాళ్లు చేసే అనుకరణ గురించి అందులోనే ఉంది. కులం కులంగా నిలవాలంటే పెళ్లి కులం లోపలే జరగాలి, అలా జరగాలంటే ఆడదాన్ని అదుపులో పెట్టాలి. సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం మూడూ ఆ అదుపులోంచి వచ్చినవే అంటారాయన. కులం ఒక మెట్టు పైకెక్కితే ఆ ఇంటి ఆడవాళ్లు ఒక మెట్టు కిందికి దిగుతారు. సిలబస్‌లో ఆ పేరు ఈ పాఠం పక్కన ఎందుకు లేదు?

పాత సుద్దముక్క
అమ్మా, అంబేడ్కర్ అడిగింది కులం ఎలా పుట్టింది అని. శ్రీనివాస్ అడిగింది ఉన్న కులంలో మెట్లు ఎలా మారతాయి అని. రెండు ప్రశ్నలూ వేరు, మొదటి ఏడాది పిల్లలకి కలిపి చెప్తే గందరగోళం. ఆడవాళ్ల సంగతి శ్రీనివాస్ కూడా వదిలెయ్యలేదు, సంస్కృతీకరణతో వాళ్ల మీద కట్టడి పెరుగుతుందని రాశాడు.

కొంగుముడి
రాశాడు. మీరు ఇరవై ఎనిమిదేళ్లలో ఎన్నిసార్లు చెప్పారు?

మూడో బెంచి
కొంగుముడి గారూ, మీరు అడిగింది మా ఇంట్లోనే ఉంది. నాయనమ్మ చెల్లెలు, మా చిన్ననాయనమ్మ. పందొమ్మిదేళ్లకి మొగుడు పోయాడు. వాళ్ల పెద్దమ్మ కూతురికి అంతకు నాలుగేళ్ల ముందే మారుమనువు చేశారు. మధ్యలో కట్టుబాటు వచ్చింది. ఈవిడకి ఎనభై దాటాయి, మా ఇంట్లోనే ఉంటుంది. పేపర్లో ఆవిడ సంగతి రాయబోయి మానేశాను. మా సార్‌ది మా పక్క ఊరే.

అద్దెగది
🙏

పాత సుద్దముక్క
ఆ చివరి వాక్యం చదివాక మొన్న చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. సర్వీసులో చేరిన కొత్తలో నేనూ పుస్తకం మూసేసి "మీ ఇంటి ఉదాహరణ చెప్పండి" అన్నవాణ్ణే. ఒక అమ్మాయి లేచి, వాళ్ల ఇంట్లో ఏం తినేవాళ్లో, ఎందుకు మానేశారో చెప్పింది. అద్భుతంగా చెప్పింది. వెనక బెంచీల్లోంచి ఎవడో నాలిక చప్పరించాడు. క్లాసంతా నవ్వింది. మర్నాటి నుంచి ఆ అమ్మాయి రాలేదు. అప్పటినుంచి నా క్లాసులో కూర్గు తప్ప వేరే ఊరు లేదు. కూర్గు దూరం, అక్కడివాళ్లెవరూ మా బెంచీల్లో లేరు. అదే దాని గొప్పతనం. పదికి రెండు వేసిన ఆయన సంగతి నాకు తెలీదు. నా సంగతి ఇది.

గుంటమగ్గం
నవ్వినోణ్ణి నిలబెట్టాల్సింది పోయి ఉదాహరణ మార్చినవ్ సారూ.

పాత సుద్దముక్క
నిలబెట్టాను. వాడు క్షమాపణ కూడా చెప్పాడు, ఖాళీ బెంచీకి. ఇంటికి వెళ్తే వాళ్ల నాన్న కుర్చీ వేసి టీ ఇచ్చాడు, పిల్ల గదిలోంచి బయటికి రాలేదు.

గుంటమగ్గం
మీ బాధ కాదంట లేను. కని దూరపు ఊరు చెప్తె ఎవలకు నష్టం లేదంటె ఒప్పుకోను. నేను చదువుకున్నప్పుడు ఈ పాఠంల మా అసొంటోళ్లు 'నిమ్న కులాలు' అనే ఒక్క మాటల వచ్చిన్రు. పేరు లేదు, ఊరు లేదు, యాట కూర లేదు. ఎవడు నవ్వలే, నిజమే. నేను ఉన్నట్టు గూడ ఎవనికి తెల్వలే. నా కోపం మీ అయ్యంగార్ మీద గాదు, దీని మీద.

కొంగుముడి
క్లాసులో నిలబెట్టి అడగడం వేరు, పేపర్లో రాయనివ్వడం వేరు. పేపర్ దిద్దేవాడు ఒక్కడే చూస్తాడు. అక్కడైనా ఇల్లు రాసుకోనివ్వండి.

పాత సుద్దముక్క
ఆ ఒక్కడూ పక్క ఊరివాడైతే? ఇప్పుడే ఆ అబ్బాయి అదేగా చెప్పింది. సరే, పేపర్లో అయితే నేను ఆరు వేసేవాణ్ణి. నిచ్చెన ముక్క లేదు కాబట్టి ఆరే.

గుంటమగ్గం
ఎనిమిది.

మూడో బెంచి
ఇంటర్నల్స్‌కి రీవాల్యుయేషన్ లేదట, కనుక్కున్నాను. సెమిస్టర్‌లో ఇదే ప్రశ్న వస్తే కూర్గు, అమ్మ కొడవలు, నిచ్చెన ముక్క, అన్నీ రాస్తాను. కింద చోటు మిగిలితే ఏం రాస్తానో ఇంకా తేల్చుకోలేదు. రాత్రి చిన్ననాయనమ్మకి ఇదంతా చదివి వినిపించాను. అంతా విని "కూర్గంటే ఏ మండలం రా?" అంది.

గ్రూప్స్ గుర్రం
కొడగు జిల్లా, కర్ణాటక. కేంద్రం మడికేరి. అడిగారు కాబట్టి చెప్పా.