ప్రాంతీయ రగ్బీ జట్టును బతికించేది ఎవరి డబ్బు?

బీచ్‌రోడ్_బాబ్జీ (చర్చ మొదలుపెట్టింది)
వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నప్పుడు శుక్రవారం రాత్రుళ్లు కార్డిఫ్ రగ్బీ జట్టు ఆడే ఆర్మ్స్ పార్క్ మైదానంలో చిప్స్ కౌంటర్ దగ్గర పార్ట్‌టైమ్ చేసేవాణ్ణి. గోడకవతల 74 వేలమంది పట్టే జాతీయ స్టేడియం. ఇవతల మాది, 12 వేలమందికి మించి పట్టదు, వాన పడితే అందులో సగం ఖాళీ. క్లబ్ పుట్టింది 1876లో. అంత పాత క్లబ్బు 2025 ఏప్రిల్‌లో అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది, అంటే దివాలా గుమ్మం దాకా. అప్పటికి కొత్త యజమానులు వచ్చి ఏడాదిన్నర కూడా కాలేదు. చివరికి అక్కడ ఆటను నడిపే సంస్థ, వేల్స్ రగ్బీ యూనియనే దాన్ని చేతిలోకి తీసుకుంది. అదే ఏడాది అక్టోబరులో, దేశంలోని నాలుగు ప్రాంతీయ జట్లను మూడు చేస్తామంది.

ఇలాంటి జట్టు పదేళ్ల తర్వాత కూడా ఉండాలంటే డబ్బు ఎవరు పెట్టాలి? యూనియనా, షావుకారా, అభిమానులా? నా ఓటు యూనియన్‌కే. మనవాళ్లేమంటారు?

గాజువాక_గురూ
షావుకారే కావాలి బాబ్జీ. ఆస్ట్రేలియాలో పెర్త్ జట్టు వెస్టర్న్ ఫోర్స్‌ని 2017లో సూపర్ రగ్బీ అనే పెద్ద టోర్నీ నుంచి తీసేశారు. తీసేసింది ఎవరు? అక్కడి యూనియనే. ఆండ్రూ ఫారెస్ట్ అనే ఐరన్ ఓర్ కుబేరుడు జేబులోంచి తీసి నిలబెట్టాడు. ఏకంగా ఆ జట్టు చుట్టూ కొత్త టోర్నీయే పెట్టేశాడు. 2020కల్లా ఫోర్స్ మళ్లీ పెద్ద మ్యాచ్‌లు ఆడింది. వాళ్లకి ఐరన్ ఓర్ జట్టునిచ్చింది, మన పోర్టు వైపు వాళ్లకి ఎర్రదుమ్మునిచ్చింది. అది వేరే సంగతిలెండి.

మెల్‌బోర్న్ రెబెల్స్‌కి అలాంటివాడు దొరకలేదు. 2024లో తాళం వేశారు.

లెక్కల_మాస్టారు
గురూ గారూ, ఫారెస్ట్ లాంటివాడు ఎన్ని ఊళ్లకి దొరుకుతాడు? దొరికినా, వాడికి విసుగొచ్చిన రోజు జట్టు గతేంటి?

ఇంగ్లండ్ లెక్క చూడండి. 2018లో సీవీసీ అనే పెట్టుబడి సంస్థ అక్కడి పెద్ద రగ్బీ లీగ్ ప్రీమియర్‌షిప్‌లో 27 శాతం వాటా కొంది. క్లబ్బులన్నింటికీ చేతినిండా డబ్బు. నాలుగేళ్లు తిరగ్గానే, 2022లో, వూస్టర్, వాస్ప్స్ రెండూ కూలాయి. మరుసటేడు 2023లో లండన్ ఐరిష్. డబ్బు రాక కాదు, వచ్చిన డబ్బు ఆటగాళ్ల జీతాలకే పోయింది కాబట్టి.

వాస్ప్స్ కథ అయితే పాఠంగా చెప్పాలి. 2014లో లండన్ వైపు నుంచి కవెంట్రీకి మకాం మార్చి, 32 వేలమంది పట్టే స్టేడియం కొన్నారు. 2015లో 3.5 కోట్ల పౌండ్ల బాండ్లు జనానికి అమ్మారు, 6.5 శాతం వడ్డీ. సొంత మైదానం ఉంటే ఏడాదంతా ఆదాయమే అనుకున్నారు. 2022 మేలో అసలు కట్టే గడువు వచ్చింది, కట్టలేకపోయారు. జీతానికి మించి లోను తీసి మూడంతస్తుల ఇల్లు కట్టినవాళ్లని మన ఎంవీపీ కాలనీలో చూడలేదా?

నాకు నచ్చింది ఫ్రాన్స్ పద్ధతి. అక్కడ ఏ2ఆర్ అని ఒక కమిటీ ఉంది. సీజన్‌కి ముందే ప్రతి క్లబ్బూ పద్దులు దాని ముందు పెట్టాలి. లెక్క తేలకపోతే కింది డివిజన్‌కి దించేస్తుంది. డబ్బు ఎవరిదైనా సరే, ముందుగా పద్దు చూసేవాడు ఒకడుండాలి.

కంచరపాలెం_కుర్రాడు
పద్దులు సరే మాస్టారూ, చూడ్డానికి జనం రావాలి కదా? 2003లో వేల్స్‌లో పాత క్లబ్బులను కలిపి ఐదు ప్రాంతీయ జట్లు చేశారు. పాంటీప్రిడ్, బ్రిడ్జెండ్ ఊళ్లకు కలిపి ఇచ్చిన సెల్టిక్ వారియర్స్ ఒక్క సీజన్ ఆడింది, 2004లో మూసేశారు. విజయనగరం, అనకాపల్లి జట్లు తీసేసి ‘ఉత్తరాంధ్ర ఉప్పెన’ అని పేరు పెడితే నేను టికెట్ కొంటానా? అనుమానమే.

మనూరి సంగతే చూడండి. 2024, 25ల్లో ఐపీఎల్‌లో ఢిల్లీ జట్టుకి వైజాగ్ రెండో ఇల్లు. మధురవాడలో మా తమ్ముడు నీలం జెర్సీ వేసుకుని ఢిల్లీ ఢిల్లీ అని అరిచాడు. మ్యాచ్ అయ్యాక ఆ జెర్సీతో బండి తుడుస్తున్నాడు. రగ్బీ ప్రీమియర్ లీగ్ 2025లో మొదలైంది, మనకి హైదరాబాద్ హీరోస్ అన్నారు. మ్యాచ్‌లన్నీ ముంబయిలోనే. ఇంక హైదరాబాద్‌వాడు గేటు దగ్గర రూపాయి ఎలా ఇస్తాడు?

బీచ్‌రోడ్_బాబ్జీ
అందుకే ఐర్లండ్ చూడమంటున్నా. 2003లో కానాక్ట్ జట్టును ఎత్తేద్దామన్నారు. జనం డబ్లిన్ వీధుల్లో ఊరేగింపు తీశారు. గాల్వేలో వాళ్ల మైదానం చుట్టూ కుక్కల పందేల ట్రాక్, అంత బీద జట్టు. 2016 ఫైనల్‌లో లీన్‌స్టర్‌ని 20-10తో కొట్టి ప్రో12 లీగ్ కప్పు ఎత్తుకెళ్లింది. ఈ రోజుకీ యూనియన్ నీడలోనే ఉంది. మనం ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్నట్టే వాళ్లూ అన్నారు.

గాజువాక_గురూ
ఆగు బాబ్జీ. ఎత్తేద్దామన్నది ఎవరు? ఆ యూనియనే కదా! నేను ప్లాంటు క్వార్టర్లలో పెరిగినవాణ్ణి. 2021 జనవరిలో అమ్మేస్తామన్నదీ ఢిల్లీయే, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చిందీ ఢిల్లీయే. పెద్దాయన చేతిలో ఉంటే ఆయన మూడ్ బట్టి బతుకు. ఆ టెన్షన్ నీకు తెలీదు, మా ఇంట్లో నాలుగేళ్లు తిన్నాం.

లెక్కల_మాస్టారు
ఇద్దరూ ఒకటే అంటున్నారు, గమనించారా? ఒక్క చెయ్యి మీద ఆధారపడితే ప్రమాదం అని. బాబ్జీ, నీ ఆర్మ్స్ పార్క్ కూడా ఆ జట్టుది కాదు. నేల కార్డిఫ్ అథ్లెటిక్ క్లబ్‌ది, జట్టు అద్దెకుంటుంది. ముందు ఆ అద్దె కాగితం సంగతి తేల్చుకుని తర్వాత షావుకారిని వెతకాలి.

బీచ్‌రోడ్_బాబ్జీ
కానాక్ట్ విషయంలో గురూ చెప్పింది కరెక్టే, ఒప్పుకుంటున్నా. ఓటు మాత్రం ఇంకా మార్చుకోలేదు, పద్దు చూసేవాడు కూడా ఉండాలని కలుపుతున్నా.

మాస్టారు అద్దె అనగానే గుర్తొచ్చింది. నీలం, నలుపు మఫ్లర్ వేసుకుని ఒక ముసలాయన ప్రతి వారం మా కౌంటర్‌కి వచ్చేవాడు. చిప్స్ తీసుకుని, చిల్లర నా చేతిలోనే వదిలేసి, ‘ఇది జట్టుకే వెళ్తుంది కదా?’ అని అడిగేవాడు. నాకు తెలీదు. అవునని తలూపేవాణ్ణి.