విద్యార్థులకు పెన్‌డ్రైవ్‌లో లినక్స్: లైవ్ పర్సిస్టెన్సా, పూర్తి ఇన్‌స్టలేషనా?

నమస్తే అండీ. ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునే విద్యార్థులకు తలా ఒక బూటబుల్ పెన్‌డ్రైవ్ ఇవ్వాలని ఉంది. ఏ కంప్యూటర్‌కు పెట్టినా అదే లినక్స్, అదే పైథాన్, అదే ఎడిటర్ రావాలి. రాసుకున్న కోడ్ అందులోనే ఉండాలి. లోపలున్న విండోస్ జోలికి మాత్రం పోకూడదు.

ఉబుంటు లైవ్‌కు (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) పర్సిస్టెన్స్ (చేసిన మార్పులు ఆపేశాక కూడా నిలిచే ఏర్పాటు) జోడించే పద్ధతి వైపే మొగ్గుతున్నాను. అసలు సిస్టమ్ స్క్వాష్‌ఎఫ్ఎస్‌లో (చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేని ఫైల్‌సిస్టమ్) భద్రంగా ఉంటుంది కాబట్టి, పిల్లలు ఏం చెడగొట్టినా (చెడగొడతారు, అదీ చదువులో భాగమే) మార్పుల భాగం చెరిపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఒక ఫైల్ 4 జీబీ దాటదు గనక మార్పులను ఫైల్‌లో కాకుండా విడిగా ఎక్స్‌ట్4 (లినక్స్ ఫైల్‌సిస్టమ్) పార్టిషన్‌లో పెడతాను. ఇబ్బందల్లా కెర్నల్ (లినక్స్ మూల భాగం) అప్‌డేట్లు ఇందులో సరిగా కుదరకపోవడమే. పెన్‌డ్రైవ్‌లోకే పూర్తి ఇన్‌స్టలేషన్ చేస్తే ఆ బాధ లేదు కానీ, ఇన్‌స్టాలర్ బూట్‌లోడర్‌ను (సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) కంప్యూటర్ లోపలి డిస్క్‌లోని ఈఎఫ్ఐ పార్టిషన్‌లో (బూట్ ఫైళ్లుండే భాగం) పెట్టేస్తుందేమోనని టెన్షన్.

తరగతిలో ఇలా నడిపినవాళ్లు చెప్పండి. మామూలు పెన్‌డ్రైవ్‌లు రోజువారీ వాడకానికి తట్టుకున్నాయా? ఒక మాస్టర్ డ్రైవ్‌ను డీడీతో (డిస్క్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసే కమాండ్) కాపీ చేద్దామంటే, ఒకే సైజు అని రాసి ఉన్నా కొన్ని కాస్త చిన్నవిగా ఉంటాయి. చివర్లో కొంత ఖాళీ వదిలితే సరిపోతుందా? సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న సిస్టమ్‌నే బూట్ కానిచ్చే రక్షణ) ఆపమని మాత్రం చెప్పకండి. దాన్ని ఆపాక బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు తాళం వేసే ఎన్‌క్రిప్షన్) రికవరీ కీ అడిగితే విద్యార్థులు ఎక్కడి నుంచి తెస్తారు?