చెవిపోటుకు ఎల్లిగడ్డ నూనె పోయొచ్చా?

దేవరకొండ కోడలు:
మా బాబుకు నాలుగేళ్లు. జలుబుతో మొదలై రాత్రి నుంచి చెవిపోటు అని ఒకటే ఏడుపు. ఎల్లిగడ్డ వేసి కాచిన మంచినూనె రెండు చుక్కలు పోద్దామంటుంది అత్తమ్మ. నాకేమో టెన్షన్. వద్దంటే నొచ్చుకుంటుంది. ఏం చేయాలె?

నకిరేకల్ తమ్ముడు (మందుల షాపు):
అక్కా, చెవిలోంచి చీము గానీ నీరు గానీ కారుతుందా? కారితే కర్ణభేరికి రంధ్రం పడి ఉండొచ్చు. అప్పుడు నూనె కాదు కదా, చుక్కల మందు కూడా డాక్టర్ చూడకుండా వేయొద్దు. జలుబుతో వచ్చే పోటు ఎక్కువగా కర్ణభేరి వెనకాల ఉంటుంది. పైన పోసిన నూనె అక్కడికి పోనే పోదు. బరువుకు తగ్గ మోతాదులో పారాసిటమాల్ సిరప్ ఇవ్వండి.

మిర్యాలగూడ పెద్దమ్మ:
అత్తమ్మకు వేరే పని చెప్పు బిడ్డా. గోరువెచ్చని గుడ్డతో చెవి మీద కాపడం పెట్టమను, ముందు తన మోచేతికి ఆనించి చూసుకొని. అల్లం రసంలో తేనె దగ్గుకు మంచిదే, ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె వద్దు. మా వాడలో చెవిలో తల్లిపాలు పిండేవాళ్లు, ఆ పద్ధతి నాకెప్పుడూ నచ్చలేదు!

దేవరకొండ కోడలు:
ఏమీ కారడం లేదు. ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది.

నకిరేకల్ తమ్ముడు:
రెండు రోజుల్లో తగ్గకపోయినా, జ్వరం పెరిగినా డాక్టర్‌కు చూపించండి. చెవి వెనక వాపొస్తే మాత్రం ఆగొద్దు, అదే రోజు పోవాలె.

దేవరకొండ కోడలు:
సరే తమ్మీ. నూనె గిన్నె మాత్రం అత్తమ్మ పారబోయలేదు, తన మోకాళ్లకు రాసుకుంటుందట.