మిగిలిన ఈక్విటీ షేర్లను సీసీపీఎస్‌గా మార్చాలంటే?

ప్రశ్న: హైదరాబాద్‌లో మాది ప్రైవేట్ లిమిటెడ్. ఆథరైజ్డ్ క్యాపిటల్ (కంపెనీ ఇష్యూ చేయగల షేర్ల గరిష్ఠ పరిమితి) 12 లక్షలు, అంటే 10 రూపాయల ఈక్విటీ షేర్లు 1,20,000. అందులో 1,00,000 మా ఇద్దరు డైరెక్టర్ల దగ్గరున్నాయి. అమెరికాలో ఉండే బంధువు 50 లక్షలు పెడతారు, సీసీపీఎస్ (తర్వాత తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లు) కావాలంటున్నారు: 500 చొప్పున 10,000 షేర్లు. ఇష్యూ చేయని 20,000నీ ప్రిఫరెన్స్‌గా మార్చేయొచ్చా?

జవాబు: మొత్తం మార్చకండి. రేపు ఆ సీసీపీఎస్ ఈక్విటీ అయినప్పుడు ఆ షేర్లకు ఈక్విటీ వైపు ఆథరైజ్డ్‌లో చోటుండాలి. 20,000 మార్చేస్తే ఆ చోటు సున్నా. 10,000 మారిస్తే ఒకటికి ఒకటి చొప్పున కన్వర్షన్‌కు మిగతా 10,000 సరిగ్గా సరిపోతాయి. ఒప్పందంలో యాంటీ డైల్యూషన్ క్లాజు (తర్వాత ఇంకొకరికి తక్కువ ధరకు షేర్లిస్తే ఆయనకు ఎక్కువ ఈక్విటీ ఇచ్చే షరతు) ఉంటే అదీ చాలదు, ముందే క్యాపిటల్ పెంచుకోండి. మొత్తం 12 లక్షల్లోనే సర్దుకుంటే పెంపు ఫీజు పడదు.

ఆర్టికల్స్‌లో (కంపెనీ అంతర్గత నియమావళిలో) ప్రిఫరెన్స్ షేర్ల ప్రస్తావన లేకపోతే ముందు అవి సవరించాలి. ఒకే ఈజీఎంలో (వాటాదారుల అసాధారణ సమావేశంలో) ఆర్టికల్స్, మెమోరాండం క్యాపిటల్ క్లాజు, ఇష్యూ అన్నిటికీ ప్రత్యేక తీర్మానాలు పెట్టండి. తర్వాత 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఎంజీటీ-14 (తీర్మానాల ఫారం), ఎస్‌హెచ్-7 (క్యాపిటల్ మార్పు ఫారం) వేయాలి.

మరో సభ్యుడు: చాలామంది తడబడేది వరుసలో. ఎంజీటీ-14 ఫైల్ కాకముందే ఆఫర్ లెటర్ పాస్-4 పంపేస్తారు, అది కుదరదు. డబ్బు విడి బ్యాంకు ఖాతాలోకే రావాలి. వచ్చిన 60 రోజుల్లో అలాట్‌మెంట్ (షేర్ల కేటాయింపు), ఆపై 15 రోజుల్లో పాస్-3 (ఆ కేటాయింపు రిటర్ను). పాస్-3 వేసేదాకా ఆ డబ్బు ముట్టుకోకూడదు, జీతాలకైనా సరే. 60 రోజులు దాటితే మరో 15 రోజుల్లో వాపసివ్వాలి, లేదంటే 12 శాతం వడ్డీ.

బంధువు రీపాట్రియేషన్ పద్ధతిలో (డబ్బు మళ్లీ విదేశానికి తీసుకెళ్లగలిగేలా) పెడుతుంటే అలాట్‌మెంట్ నుంచి 30 రోజుల్లో ఎఫ్‌సీ-జీపీఆర్ (విదేశీ పెట్టుబడిపై ఆర్‌బీఐకి ఇచ్చే రిపోర్టు) కూడా ఉంటుంది. కన్వర్షన్ ధర లేదా ఫార్ములా ఇష్యూ రోజే రాసుకోవాలి. ‘తర్వాత పరస్పర అంగీకారంతో’ అని రాస్తే చెల్లదు.

ప్రశ్న: ధన్యవాదాలండీ. ఇదే ఊపులో మా 1,00,000 షేర్లనూ ఒక్కో షేరుకు పది ఓట్లుండే క్లాసుగా మార్చుకోవచ్చా?

జవాబు: షేర్ క్యాపిటల్ రూల్స్‌లోని 4వ రూలు ప్రకారం మామూలు ఈక్విటీని వేరే ఓటింగ్ హక్కులున్న ఈక్విటీగా మార్చకూడదు, కొత్తగా ఇష్యూ చేయడమే దారి. అయితే 2015 మినహాయింపు వల్ల ప్రైవేట్ కంపెనీ తన ఆర్టికల్స్‌లో కంపెనీల చట్టంలోని 43, 47 సెక్షన్లు (షేర్ల రకాలు, ఓటు హక్కుల గురించినవి) వర్తించవని రాసుకోవచ్చు. అప్పుడు ఆ రూలు అడ్డు రాదు. షరతు ఒకటే: వార్షిక రిటర్నులు, బ్యాలెన్స్ షీట్లు బకాయి ఉండకూడదు. చేస్తే మీ బంధువుకు చెప్పి, ఆయన రాకముందే చేయండి. వచ్చాక ఆయన క్లాసు హక్కులకు ఎక్కడ తగిలినా 48వ సెక్షన్ కింద ఆ క్లాసులో నాలుగింట మూడొంతుల సమ్మతి కావాలి, ఆ క్లాసంతా ఆయనొక్కరే.

మరో సభ్యుడు: కన్వర్షన్ గడువు 20 ఏళ్లు దాటకూడదు. నిష్పత్తికీ హద్దుంది: 500 చెల్లించిన షేరుకు 50కి మించి ఈక్విటీ ఇస్తే ముఖవిలువ కంటే తక్కువకు ఇచ్చినట్టు, 53వ సెక్షన్ ఒప్పుకోదు. కన్వర్షన్ రోజున బోర్డు తీర్మానం, మళ్లీ పాస్-3. డీమ్యాట్‌లో ఉంటే సీసీపీఎస్‌కు వేరే ఐఎస్ఐఎన్ (ఆ రకం షేర్ల గుర్తింపు కోడ్) తీసుకోవాలి. కన్వర్షన్‌లో అది డెబిట్ అయి ఈక్విటీ ఐఎస్ఐఎన్‌లో క్రెడిట్ పడాలి. ఆ కార్పొరేట్ యాక్షన్ ఫారం ఆర్‌టీఏకు (షేర్ల రికార్డులు చూసే రిజిస్ట్రార్ ఏజెంటుకు) మీరే పంపాలి, దానంతటది జరగదు.